తుపాను రాత్రియు మెలితే ద్వీపపు మంటయు

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 27:9 మొదలు 28:10 వరకు



క్రిస్మసు పండుగ సమీపించినప్పుడు మన సంఘములలోని పిల్లలు సరుగుడు కొమ్మ నొకదానిని తెచ్చి, దాని మీద దూదిని పింజలు పింజలుగా అంటింతురు. అది మంచు అని వారి భావము. టెక్కలిలో గాని పలాసలో గాని అట్టి మంచు పడగా చూచినవారెవరును లేరు. మనకు తెలిసిన మంచు తెల్లవారుజామున జీడి ఆకుల మీదనుండి బొట్లు బొట్లుగా రాలునది. ఈ ప్రాంతమునకు వచ్చి టెక్కలిలోను సోంపేటలోను మిషను స్థావరములు నెలకొల్పిన కెనడా బాప్టిస్టు మిషనరీలు మాత్రము నిజమైన మంచు దేశమునుండి వచ్చినవారు. మోకాలి లోతు మంచులో బడికి నడిచిపోవుటను గూర్చి వారు చెప్పగా విని, మన తాతలు నమ్మిరో లేదో నాకు తెలియదు. మర్యాదకు తల యూపియుందురు.

మన ఉద్దానములో చలికాలము గుమ్మములోనే గాలి రూపమున ఎదురగును. ఆశ్వయుజ కార్తిక మాసములు వచ్చెనన్న మనవారి చూపు సముద్రము మీదనే యుండును. వేసవి యంతయు కాగిన బంగాళాఖాతపు నీరు అక్టోబరు నాటికి ఇంకను చల్లారదు. ఆ వెచ్చని నీటి మీదనుండి లేచిన ఆవిరి పైకి పోయి మేఘమగునప్పుడు విడిచిపెట్టు వేడియే తుపానునకు ఆహారము. నేలమీదికి వచ్చిన తరువాత ఆ ఆహారము దొరకదు గనుక అది నీరసించిపోవును. అయితే నీరసించులోపల చేయవలసినదంతయు చేసిపోవును.

పౌలు ప్రయాణమును గూర్చిన ఈ అధ్యాయమును చదువునప్పుడు 9వ వచనమును మనము సాధారణముగా దాటిపోవుదుము. ఉపవాసదినము అప్పటికే గతించెనని లూకా అక్కడ వ్రాసెను. అది యూదుల ప్రాయశ్చిత్త దినము. మన లెక్కకు సెప్టెంబరు చివర, లేదా అక్టోబరులో వచ్చును. ఆ కాలములో మధ్యధరా సముద్రము మీద సెప్టెంబరు నడిమినుండి ప్రయాణము అపాయకరమనియు, నవంబరు నడిమినుండి మార్చి వరకు ఓడలు రేవులోనే యుండవలెననియు నావికుల వాడుక. కాబట్టి పౌలు ఓడ గాలికి చిక్కినది ఇంచుమించు మన తుపానులు పుట్టు మాసములలోనే. ఈ సంగతి తెలిసిన తరువాత ఆ అధ్యాయము నాకు దూరదేశపు కథగా తోచుట మానెను.

నా బాల్యములోని సంగతి చెప్పెదను. అది 1999 అక్టోబరు 17, ఆదివారము. నాకప్పుడు 9 సంవత్సరములు. మా ఊరు వజ్రపుకొత్తూరు మండలములో, పలాసనుండి సముద్రము వైపు పోవు దారిలోనున్నది. ఊరిచుట్టును కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలు. ఉద్దానమను మాట ఉద్యానమునుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ తోటలను చూచినవారు ఆ మాటను సందేహింపరు. నాన్నగారు తోటలలో కొబ్బరి దింపు పని చేయుచుండిరి. అమ్మ పలాసలోని జీడిపప్పు బట్టీకి పోయి కాల్చిన పిక్కలను కొట్టి పప్పు తీయుచుండెను. జీడి నూనె తగిలి ఆమె వ్రేళ్ల కొనలు ఎల్లప్పుడును నల్లగా నుండెడివి. ఎంత తోమినను ఆ నలుపు పోదు. ప్రభురాత్రి భోజనమునకు చెయ్యి చాచునప్పుడు ఆమె ఆ వ్రేళ్లను కొంగుతో కప్పుకొనుట నేను చూచితిని.

దసరా సెలవులు గనుక పిల్లలమందరము ఆ దినము ఆరాధనకు వచ్చితిమి. పాస్టరుగారు ప్రసంగమును సగములోనే ముగించి, ఇండ్లకు పోయి కప్పులు కట్టుకొనుడని చెప్పిరి. ప్రసంగము సగములో ముగిసినందుకు మేము పిల్లలము సంతోషించితిమి. ఊరికి సముద్రము రెండు మూడు మైళ్లున్నను, దాని హోరు ఆ మధ్యాహ్నము వీధిలో వినబడుచుండెను. నాన్నగారు కొబ్బరి మోకులను మా తాటాకు కప్పు మీదుగా వేసి, రెండు ప్రక్కల రాళ్లు కట్టిరి. అప్పటికి తుపానులకు పేర్లు పెట్టుట మన సముద్రములో లేదు. అది 2004 లో మొదలాయెను. రేడియోలో వాయుగుండమనిరి, తరువాత తుపాననిరి, తరువాత రేడియోయే ఆగిపోయెను.

చీకటి పడినప్పటినుండి ఉత్తరపు గాలి వీచెను. వాన పైనుండి గాక ప్రక్కనుండి వచ్చెను. చిన్న గులకరాళ్లు విసరినట్లు మొగమునకు తగిలెను. రాత్రి పది గంటలు దాటిన తరువాత మా కప్పులో మొదట ఒక మూల లేచెను. ఆ మూల లేచిన తరువాత మిగిలినదంతయు పోవుటకు ఎంతో సేపు పట్టలేదు. గోడలు మట్టివి, అవి నానుచుండెను. ఊరిలో స్లాబు కట్టడములు రెండే. ఒకటి బడి. దానికి తాళము, తాళపుచెవి సెలవులకు పోయినవారి దగ్గర. రెండవది వీధి చివరనున్న కొబ్బరి వర్తకుని యిల్లు.

నాన్నగారు మా చెల్లెలిని భుజము మీద వేసికొనిరి. అమ్మ బియ్యపు డబ్బా నెత్తుకొనెను. నేను అమ్మ కొంగు పట్టుకొంటిని. నాన్నగారి బైబిలు చూరులోనే యుండిపోయెను. ఈ తుపానును గూర్చి ఆయన తరువాత అనేక కూటములలో సాక్ష్యము చెప్పిరిగాని బైబిలు మరచిన సంగతిని ఎన్నడును చెప్పలేదు. బియ్యపు డబ్బా సంగతి అమ్మ చెప్పుచుండెను.

వర్తకుని అరుగు ఎక్కితిమి. నాన్నగారు తలుపు కొట్టలేదు. అరుగు మీద గోడకు ఆనుకొని నిలుచుండిరి. ఇందుకు కారణము ఆ ఊరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. కూలి డబ్బులకు పోయినను, పండుగకు పిలిచినను మావారికి ఆ యింట అరుగే హద్దు. గడప దాటుట లేదు. ఎవరును దానిని వ్రాసి పెట్టలేదు, ఎవరును మరువలేదు. కొబ్బరి చెట్టు ఒకటి వీధికి అడ్డముగా పడిన చప్పుడు విని అమ్మ ముందుకు పోయి తలుపు మీద బియ్యపు డబ్బాతో కొట్టెను.

“ఎవులది?” అని లోపలినుండి ముసలామె గొంతు.

“మేమమ్మా. పిల్లలున్నారు.”

తలుపు తీయబడెను. ఆమె వర్తకుని తల్లి. చేతిలో లాంతరు. మమ్మును చూచి నాన్నగారిని కోపపడెను. “పిల్లల్ని ఎట్టుకొని అరుగు మీద నిలబడ్డావేటిరా, బుద్ధి నేదా? లోనికి రండి!” లోపలనుండి ఆమె కుమారుడు ఏదో అనెను. ఆమె వినబడనట్లుండెను. నిజముగా వినబడలేదేమో, ఆ గాలిలో చెప్పలేము. నన్ను చెయ్యి పట్టి లోపలికి లాగెను. అట్లు లాగబడి నేను ఆ గడప దాటితిని.

తెల్లవారు లోపల ఆ రెండు గదులలో నలువదిమందికి తక్కువ లేరు. ఆమె నా తడిసిన చొక్కా విప్పించి తన కుమారుని పంచెను చుట్టబెట్టెను. నడిమి గదిలో కుంపటి పెట్టి కొబ్బరి చిప్పలు వేసి మంట చేసెను. నాన్నగారు గుమ్మము దగ్గరనే కూర్చుండిరి. లోపలికి వచ్చియు ఇంకను వెలుపలనే యున్నట్లుండిరి. ఆమె చూచి, “ఊరికే కూకోకు, ఆ చిప్పలు పగలగొట్టు,” అనెను. నాన్నగారు రాత్రియంతయు కొబ్బరి చిప్పలు పగలగొట్టి కుంపటిలో వేయుచు వచ్చిరి. పని దొరికిన తరువాత ఆయన మొగము మారెను. మెలితేలో పౌలు మోపెడు పుల్లలు ఏరి మంటమీద వేసెనని చదివినప్పుడెల్ల నాకు ఈ దృశ్యమే కనబడును. ఉపకారము పొందువానికి కూడ చేతికి ఒక పని కావలెను. ఆ ముసలామెకు ఇది బోధింపబడి తెలిసినది కాదు. పౌలు చేతిని పట్టుకొన్న సర్పము మాత్రము మా మంటలో రాలేదు. ఒక తేలు వచ్చెను, దానిని ఆమె చెప్పుతో కొట్టెను.

ఆ తుపాను మరుసటి ఉదయమున గోపాలపురము దగ్గర తీరము దాటెను. అనగా దాని నడిమిభాగము మాకు ఈశాన్యముగా పోయెను. మన అర్ధగోళములో తుపాను గాలి గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుగా తిరుగును గనుక, మావైపు గాలి మొదట ఉత్తరమునుండియు తరువాత పడమటినుండియు నేలమీదనుండి సముద్రము వైపునకు వీచెను. అందుచేతనే సముద్రము మా ఊరిలోనికి రాలేదు. ఇది పెద్దవాడనై చదువుకొన్న తరువాత తెలిసినది. ఆ ఉదయమున నాకు తెలిసినదేమనగా, పడిన కొబ్బరిచెట్లన్నియు తలలు సముద్రము వైపునకు పెట్టి, ఒకే తీరున, చాపమీద వరుసగా పండుకొన్న మనుష్యులవలె పడియుండెను. జీడిచెట్లు వేళ్లతో సహా ఎర్ర ఇసుకను ఎత్తుకొని పడెను. పిల్లలము వాటిమీద ఎక్కి ఆడితిమి. పెద్దలు మమ్మును వారింపలేదు, మాటాడనైన లేదు. నాటిన కొబ్బరి కాపునకు రావలెనన్న 6, 7 సంవత్సరములు పట్టును. దింపుటకు కాయలేని చోట దింపువానికి ఏమి పని? ఆ నవంబరులోనే నాన్నగారు మదరాసుకు కట్టడపు పనికి పోయిరి. క్రిస్మసుకు వచ్చి, మరల పోయిరి. అట్లు చాల ఏండ్లు గడిచెను.

మా తుపానును లోకము త్వరలోనే మరచెను. పండ్రెండు దినములకే, అక్టోబరు 29న, పారాదీపు దగ్గర మహా తుపాను తీరము దాటి ఒడిశాలో సుమారు 10,000 మందిని పొట్టన పెట్టుకొనెను. దాని ముందు మాది చెప్పుకొనదగినది కాదు. అయినను కప్పు పోయినవానికి తన కప్పే కప్పు.

ఇంకొక సంగతి దాచుట న్యాయము కాదు. ఆ యింటిలో మేము మూడు దినములుంటిమి. నాలుగవ దినమున ఎండ కాచెను. పదిహేను దినములు గడిచిన తరువాత అమ్మ నన్ను కొబ్బరి పీచు కొరకు ఆ యింటికి పంపెను. నేను పరుగెత్తిపోయి అలవాటుగా గడప దాటబోతిని. వర్తకుడు, “అక్కడే, అరుగు మీద ఉండు,” అనెను. కోపముగా అనలేదు. ఎప్పటివలె అనెను. ముసలామె పీచును తెచ్చి ఇచ్చి, నా చేతిలో అటుకుల ఉండ నొకటి పెట్టెను, ఏమియు చెప్పలేదు. మెలితేవారు పౌలును అతనితో నున్నవారిని మూడు నెలల తరువాత సన్మానించి పంపిరని లూకా వ్రాసెను. వారు అక్కడనే కాపురముండిన యెడల నాలుగవ నెలలో ఎట్లుండెడిదో లూకా వ్రాయలేదు. ఈ ప్రశ్నను నేను ఒక వేదపాఠశాలలో అడుగగా బోధకుడు నవ్వి వేరొక వచనమునకు పోయెను.

ఇప్పుడు పాఠ్యభాగములోని రెండు చోట్ల కొంచెము నిలిచెదము.

మొదటిది 28వ అధ్యాయము 2వ వచనము. ఆ ద్వీపవాసులను మన తెలుగు బైబిలు అనాగరికులు అని చెప్పుచున్నది. లూకా వాడిన గ్రీకుమాట బర్బరోయి. గ్రీకు భాష రానివారని దాని మొదటి అర్థము. మెలితేవారు ఫెనికయనుల సంతతి భాషను మాటాడుచుండిరి గనుక గ్రీకువాని చెవికి అది అర్థము లేని గొణుగుడు. అదే వచనములో వారి ప్రవర్తనకు లూకా వాడిన మాట ఫిలంత్రోపియా, అనగా మనుష్యప్రీతి. గ్రీకులు తమ నాగరికతకు గురుతుగా చెప్పుకొనిన మాట అది. దానిని లూకా భాష రానివారికి పెట్టెను. వాన, చలి అను రెండు కారణములు తప్ప వారు మంట వేయుటకు మరి యే కారణమును అతడు చెప్పలేదు. ఓడనుండి తప్పించుకొని దరి చేరినవారు 276 మంది. వారిలో ఖైదీలుండిరి, సైనికులుండిరి. ఎవరు ఎవరని మంట వేయకముందు ఎవరును అడిగినట్లు లేదు.

రెండవది 27వ అధ్యాయము 30వ వచనము. పదునాలుగవ రాత్రి నావికులు గుండు వేసి చూడగా మొదట ఇరువది బారలు, తరువాత పదునైదు బారలు లోతు. నేల దగ్గరపడుచున్నది. అప్పుడు ఓడ పనివారు ముందువైపున లంగరులు వేయబోవునట్లు నటించి పడవను సముద్రములోనికి దించిరి. చేతనైనవారు చేతకానివారిని ఓడలో విడిచి పోవుటకు చేసిన యత్నమిది. వారు దుర్మార్గులని లూకా చెప్పడు. భయపడినవారు. వారి నటనను గమనించుడి. లంగరులు వేయుట మంచిపనియే. మంచి కారణము చెప్పుకొనకుండ ఎవరును పడవ దించరు. సైనికులు త్రాళ్లు కోసి పడవను పోనిచ్చిరి. దానితో అందరును ఒకే ఓడలో మిగిలిరి.

ఈ రెండవ చోట నేను ఎందుకు నిలిచితినో చెప్పవలసియున్నది.

2018 అక్టోబరు 10, బుధవారము రాత్రి. అప్పటికి నేను కాశీబుగ్గలో ఉపాధ్యాయుడను. అద్దెకున్నది స్లాబు ఇల్లు. మా బిడ్డకు ఎనిమిది నెలలు. ఈసారి హెచ్చరికలకు లోటు లేదు. ప్రతి ఫోనులోను వచ్చెను. తుపానునకు పేరు కూడ నుండెను, తిత్లీ. పాకిస్తాను సూచించిన పేరు. సీతాకోకచిలుక అని అర్థము. పేరు పెట్టినవారి తప్పు లేదు గాని, మన తోటలవారు ఆ పేరును ఇప్పటికిని నవ్వకుండ పలుకలేరు, నవ్వియు పలుకలేరు. అది 11వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర గంటల నడుమ పలాసకు దగ్గరనే తీరము దాటెను. గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల గాలి, విసురులో 165 వరకు.

రాత్రి సుమారు మూడు గంటలకు మా తలుపు కొట్టిరి. పురుషుని గొంతు ఒకటి, స్త్రీల గొంతులు. ఒడియాలో మాటాడుచుండిరి. వీధి చివరనున్న ఒక రేకుల షెడ్డులో ఉండి జీడి పని చేసికొను కూలివారు కొందరు ఉండిరని నాకు తెలియును. ఒకరి మొగమైనను నాకు తెలియదు. నేను టార్చి పట్టుకొని తలుపు దగ్గరకు పోయితిని. గడియ మీద చెయ్యి వేసితిని. తలుపు తీసినయెడల గాలి లోపల జొరబడి కిటికీలు పగులును, బిడ్డ యున్నది, అని నాలో నేను అనుకొంటిని. స్లాబు ఇంటికి అంత భయము లేదని నాకు తెలియును. ఆ మాటనే మరల అనుకొంటిని. నా భార్య లోపలినుండి “తియ్యండి” అని రెండుసార్లు అనెను. ఎంతసేపు నిలుచుంటినో మా యిద్దరికి ఏకీభావము లేదు. నేను రెండు నిమిషములందును. ఆమె పది అనును. తీయునప్పటికి వెలుపల ఎవరును లేరు.

వారు తిరిగి షెడ్డునకే పోయిరి. అయిదు గంటల గాలిలో రేకులు లేచెను. ప్రాణాలకు హాని కలుగలేదు. ఒక రేకు తగిలి ఒక స్త్రీకి చెయ్యి విరిగెను.

ఉదయమున వీధులలో చెట్లు, కరెంటు స్తంభములు పడియుండెను. మోటార్లు లేవు గనుక నీళ్లు లేవు. మా సంఘపు యౌవనస్థులము చేతిపంపు నీటిని బిందెలతో మోసి పంచితిమి. షెడ్డు దగ్గర ఆ స్త్రీ గోడకు ఆనుకొని కూర్చుండెను. చేతికి చీరపేలిక కట్టిరి. ఆమెకు నేను గ్లాసుతో నీళ్లిచ్చితిని. త్రాగి, వచ్చీరాని తెలుగులో చెప్పెను: “రాత్రి అక్కడ ఒక తలుపు కొట్టినాం బాబూ. ఆ ఇంట్లో ఎవరూ లేరు కావాల.” చేతితో మా యింటి వైపు చూపెను. నేను మరియొక గ్లాసు నింపి ఇచ్చితిని. ఆమెను ఆటోలో ఆసుపత్రికి పంపితిమి. వారము లోపల ఆ కూలివారందరును తమ ఊళ్లకు పోయిరి.

ఇది నేను ఎవరితోను చెప్పియుండలేదు, నా భార్య తప్ప. గృహకూటములలో 28వ అధ్యాయము వచ్చినప్పుడు 2వ వచనమును నేను చదువను. పుస్తకమును ప్రక్కవారికి అందించెదను. కంఠము బాగుగా లేదని వారనుకొందురు.

తిత్లీ వెళ్లిన అయిదవ దినమున మా ఊరినుండి చెల్లెలి ఫోను వచ్చెను. మరల కొబ్బరి, మరల జీడి పోయెనని చెప్పెను. 1999 తరువాత నాటినవి కాపునకు వచ్చి నిలిచిన చెట్లే అవి. ముసలామె చనిపోయి అప్పటికి చాల కాలమాయెను. ఆ యిల్లున్నది. ఆ రాత్రి వర్తకుడే, ఇప్పుడు అతడును ముసలివాడు, తలుపు తీసి లాంతరు పట్టుకొని గుమ్మములో నిలుచుండెనట. మావారు కొందరు పిల్లలతో పోయి అరుగు మీద ఆగిరట. ఆయన లోపలికి రమ్మని రెండుసార్లు పిలువవలసి వచ్చెనని చెల్లెలు చెప్పెను.